ఇవాళ్టి రేటు

ఆ ఎండాకాలమంతా మా ఇంట్లో ముగ్గురం ఒక చిన్న ఫ్యాను చప్పుడు వింటూ బతికాం. కప్పుకి తిరిగే ఫ్యాను కాదు. అమ్మ మంచం పక్కనున్న కంప్యూటర్ పెట్టెలో తిరిగే, అరచేతిలో పట్టేంత ఫ్యాను. అది మామూలుగా తిరిగినంతసేపూ ఇంట్లో పనులూ మామూలుగా నడిచేవి. బుయ్యిమని గొంతు పెంచిందంటే మాత్రం నేను ముందుగదిలో కుట్టుమిషను ఆపేసేదాన్ని. నాన్న పేపరు తిప్పబోయి ఆగిపోయేవాడు. ప్రెస్సు పనికి బయల్దేరుతున్న తమ్ముడు గుండీలు పెట్టుకోవడం మానేసి తలుపు దగ్గర నిలబడిపోయేవాడు. అది మళ్ళీ నెమ్మదించాకే ఎవరి పని వాళ్ళది.

అమ్మ మాట ఆ పెట్టెలో ఉంది మరి. ఒక్కొక్క కండరం చేతా పని మానిపిస్తూ వచ్చిన జబ్బు ఆమెకి చివరికి కళ్ళు మాత్రం మిగిల్చింది. ఎదురుగా తెర, తెర కింద కెమెరా. ఏ అక్షరం మీద చూపు నిలిపితే ఆ అక్షరం పడుతుంది. వాక్యం అయ్యాక పెట్టె పైకి చదువుతుంది. అదీ అమ్మ గొంతుతోనే. గొంతు పోకముందు నెలల తరబడి ఆమె చేత చదివించి దాచుకున్నాం. కాస్త జలుబు చేసినట్టు ఉండేది గానీ అచ్చంగా అమ్మే. "మాడు వాసన వస్తోంది, పొయ్యి చూడు" అని లోపలి గదిలోంచి వినపడితే, ఆ మనిషి లేచి వంటింట్లోకి వచ్చేస్తుందేమో అనిపించేది.

పెట్టె ఉన్నట్టుండి బిగుసుకుపోవడం మొదలయ్యాక మెకానిక్‌ని పిలిచాం. అతను విప్పి చూసి, లోపలి బోర్డు అయిపోవచ్చిందన్నాడు. ఆ కెమెరాకి సరిపడే బోర్డు ఒక్క రకమేనట, అది బయటి దేశం నుంచే రావాలట.

"ఎన్నాళ్ళొస్తుంది?" అని నాన్న అడిగాడు.

"రేపే పోవచ్చు, ఏడాది ఆగొచ్చు సార్. ఊరికే నడపకండి. వేడెక్కిన కొద్దీ దాని ఆయుష్షు తగ్గుతుంది."

అమ్మ మంచం మీద నుంచి అతన్నే చూస్తోంది. ఆ సంగతి మేమెవరం పట్టించుకోలేదు.

సరిగ్గా అప్పుడే వార్తల్లో ఆంక్షలన్నారు. ఏవో దేశాలన్నీ కూడి మా దేశానికి ఫలానా ఫలానా సరుకు అమ్మకూడదని తీర్మానించుకున్నాయట. మేం అదేదో యుద్ధవిమానాల గొడవనుకుని టీవీ కట్టేసి అన్నాలకి లేచాం. వారం తిరక్కుండా మా డబ్బు విలువ జారడం మొదలైంది. మా చేతిలో ఉన్న డబ్బు ఉన్నంతే ఉంది, దానికి వచ్చే సరుకు మాత్రం పొద్దున్నకీ సాయంత్రానికీ తగ్గిపోతోంది. ఎక్కడో బల్ల చుట్టూ కూర్చున్న పెద్దవాళ్ళు మా అమ్మ మంచం పక్క పెట్టెని కూడా లెక్కలో వేసుకున్నారని అప్పుడు తెలిసింది.

నాన్నా నేనూ కంప్యూటర్ సామాన్ల కొట్టుకి పరిగెత్తాం. గాజు బీరువాల నిండా పెట్టెలు కనిపించేసరికి ప్రాణం కుదుటపడింది. నాన్న ఒకటి చేతిలోకి తీసుకుంటే అది ఖాళీ అట్టపెట్టె. పక్కదీ ఖాళీదే. ధర చీటీలు పీకేసిన చోట జిగురు మరకలు మాత్రం నల్లగా మిగిలాయి. మాకు ముందు ఒకాయన కూతుర్ని వెంటబెట్టుకుని, లాప్‌టాప్ కొనిద్దామని వచ్చి, రేటు విని, చాలాసేపు నిలబడి, చివరికి ఒక మౌస్ కొన్నాడు. ఆ పిల్ల దాన్ని కవర్లో వేయించుకుని వెనక్కి చూసుకుంటూ వెళ్ళింది.

కొట్టాయన ఒక ఫోను పెట్టేసి మా వైపు తిరిగాడు. "ఇవాళ్టి రేటా, రేపటి రేటా సార్?"

"రేపటి రేటు నీకెలా తెలుసయ్యా?" అన్నాడు నాన్న.

"తెలీదు. అందుకే అడుగుతున్నా. ఇవాళ్టిదైతే డబ్బు మొత్తం ఇప్పుడే కట్టాలి. రేపటిదైతే రేపు రండి. ఆ రకం బోర్డులు ఊరంతటికీ నా దగ్గరే రెండున్నాయి. అవి అయిపోతే ఇంక వేరే దేశం మీదుగా, నాలుగు చేతులు మారి రావాలి. ఎప్పటికొస్తాయో దేవుడికే తెలియాలి."

రేటు చెప్పాడు. నాన్న బస్సు కండక్టరుగా పనిచేసి రిటైరైన మనిషి. చిల్లర దగ్గర ఆయన నోటికి ఎదురు నిలిచినవాళ్ళు లేరు. అలాంటి మనిషి నోరు తెరిచి, మళ్ళీ మూసేశాడు. మేం తెచ్చుకున్నది అందులో సగానికి కాస్త పైన ఉంటుందేమో.

"అది మా ఆవిడకి నోరయ్యా. అది ఆగిపోతే ఆవిడ మాట ఆగిపోతుంది" అనేశాడు.

నేను నాన్న చెయ్యి గిల్లాను గానీ అప్పటికే మాట జారిపోయింది. అమ్మే గనక అక్కడ ఉంటే మా ఇద్దర్నీ రెక్క పట్టుకుని బయటికి లాక్కొచ్చేది. ఆమె ఉద్యోగమే బేరం. పెద్ద బట్టల కొట్టుకి సరుకు కొనిపెట్టే పని చేసింది. టోకు వ్యాపారుల ముందు కూర్చుని, గుడ్డ అంచు వేళ్ళతో నలిపి చూసి, "ఎంత?" అని ఒక్క మాట అడిగేది. ఆ తర్వాత నోరు విప్పేది కాదు. కప్పుకేసి చూస్తూ కూర్చునేది. ఆ మౌనం భరించలేక అవతలివాడు తనంతట తానే ఒక మెట్టు దిగేవాడు. కాసేపాగి ఇంకో మెట్టు. "అవసరం మొహంలో కనపడకూడదే పెద్దదానా. కనపడిందా, మనం అయిపోయినట్టే" అని నాకు చిన్నప్పటి నుంచీ నూరిపోసింది. అవసరాన్ని మా నాన్న మొహం మీదే కాదు, కొట్టంతటా పరిచేసి వచ్చాడు.

పైగా ఇంటికొచ్చి చెప్పులు విప్పకుండానే ఆ రేటుని స్టాపు పేరు అరిచినట్టు అరిచాడు. "నెమ్మదిగా" అని నేను సైగ చేసేలోపే ఆ మాట లోపలి గదిదాకా వెళ్ళిపోయింది.

మర్నాటి నుంచి అమ్మ మాట్లాడలేదు.

మొదటి రోజు అలిసిపోయిందనుకున్నాం. తర్వాతా అంతే. తెర ఎదురుగా జరిపితే కళ్ళు మూసుకునేది. కాసేపటికి తెర దానంతటదే నల్లబడేది, ఫ్యాను ఆగిపోయేది. నీళ్ళు కావాలా అంటే కావాలని ఒకసారి రెప్ప వేసేది, వద్దంటే రెండుసార్లు. అంతకు మించి ఏమీ లేదు. అన్నాళ్ళూ ఫ్యాను గట్టిగా అరిస్తే భయపడ్డవాళ్ళం, ఇప్పుడు అది అసలు తిరక్కపోతే వణికిపోయాం.

"రెప్ప వేసే కండరం వేరట, చూపు తిప్పే కండరం వేరట" అని తమ్ముడు ఎక్కడో చదివొచ్చి వంటింట్లో నాతో గుసగుసగా చెప్పాడు. చెప్పకపోయినా బావుండేది. డాక్టరమ్మ ఒకప్పుడు అన్న మాట నాకు చెవిలో తిరుగుతూనే ఉంది. "ఈ జబ్బులో కళ్ళు మామూలుగా చివరిదాకా ఉంటాయి" అందావిడ. ఆ 'మామూలుగా' అన్న మాట పట్టుకుని నేనెన్ని మధ్యాహ్నాలు మిషను ముందు ఊరికే కూర్చున్నానో. ఫోన్ చేస్తే ఆవిడ ఊళ్ళో లేదు. వచ్చాక చూస్తానంది. అలసట కావచ్చట, ఇంకోటి కావచ్చట.

ఎందుకు మాట్లాడటం లేదని అమ్మనే అడగొచ్చు కదా అని మీకు అనిపించవచ్చు. అడగడానికి మాకు ధైర్యం చాలలేదు. కళ్ళు పోతున్నాయా అంటే ఒకసారి రెప్ప వేస్తే ఏం చెయ్యాలి? అందుకని ముగ్గురం ఆ మంచం చుట్టూ వాతావరణం గురించీ, పక్కింటివాళ్ళ కుక్క గురించీ మాట్లాడుతూ తిరిగాం. నాన్నయితే ఆమె చెవిటిదైపోయినట్టు గొంతు పెంచి మాట్లాడేవాడు. "మాట్లాడవేం? ఇంట్లో నన్ను తిట్టేవాళ్ళు లేక ఏమీ తోచట్లేదే" అని నవ్వబోయి, నవ్వు రాక బయటికి వెళ్ళిపోయేవాడు. వెళ్ళి ఎక్కడికంటే కొట్టుకి. ప్రతి రోజూ వెళ్ళి రేటు అడిగేవాడు. ప్రతి రోజూ అది పెరిగేది. రెండు బోర్డుల్లో ఒకటి ఎవరో కొనుక్కుపోయారని చెప్పిన రోజున ఆయన చొక్కా వీపంతా తడిసిపోయి వచ్చాడు. కొట్టాయనకి మా ఇంట్లో ఇవాళ్టిరేటు అని పేరు పడిపోయింది.

తమ్ముడు ప్రెస్సు నుంచి ఒక పారదర్శకంగా ఉండే ప్లాస్టిక్ షీటు తెచ్చాడు. దాని మీద లావు స్కెచ్ పెన్నుతో పైన అచ్చులు, సున్నా, కింద హల్లులు రాశాడు. మనిషికీ మనిషికీ మధ్య దాన్ని ఎత్తి పట్టుకుంటే, అవతలివాళ్ళు ఏ అక్షరం వైపు చూస్తున్నారో ఇవతలి నుంచి కనిపెట్టి పైకి చదవచ్చట. పెట్టె పోతే ఇదే గతి అని వాడి ఉద్దేశం. నాన్న దాన్ని చూడగానే మండిపడ్డాడు.

"పెట్టె బతికుండగానే ఈ అట్ట ఎందుకురా ఇంట్లోకి? ఇది వచ్చిందంటే అది పోయినట్టే!"

"అది పోతే అప్పటికప్పుడు ఏం చేస్తాం నాన్నా?"

"పోదు" అని, ఆ షీటు తీసి బీరువా మీదికి విసిరేశాడు.

ఒక మధ్యాహ్నం నాన్న కొట్టుకి వెళ్ళాక నేను స్టూలెక్కి దాన్ని దించాను. ఎన్నాళ్ళని తెలియకుండా భయపడతాం, తెలిసే భయపడదాం అనుకున్నాను. అమ్మ ఎదురుగా కూర్చుని షీటు ఎత్తి పట్టుకున్నాను. అక్షరాల సందులోంచి ఆమె కళ్ళు కనిపిస్తున్నాయి. అవి కదలకపోతే ఇంక అంతా అయిపోయినట్టే కదా అనుకుంటూ షీటు ఇంకాస్త దగ్గరికి జరిపాను.

కళ్ళు కదిలాయి. కదలడమేమిటి, నేను అందుకోలేనంత వేగంగా పరిగెత్తాయి.

"ఎ... సున్నా... త... ఎంత? క... ఎంతకి?" ఒకసారి రెప్ప. "ద... గ... డ... ఎంతకి దిగాడు?"

నాకు అర్థం కాలేదు. "ఎవరమ్మా దిగడం?"

తెలివితక్కువ ప్రశ్న వేసినవాళ్ళని చూసే చూపు ఒకటుంది ఆమెకి. ఆ చూపు నా మీద విసిరి, మళ్ళీ అక్షరాల మీదికి వెళ్ళింది. కొట్టువాడు.

"దిగలేదమ్మా, ఇంకా ఎక్కాడు. నీ కళ్ళు బాగానే ఉన్నాయా?"

రెప్ప ఒకసారి పడింది. తర్వాత చాలాసేపు పట్టిన వాక్యం ఇది: మీ నాన్న రోజూ వెళ్ళి దేబిరిస్తుంటే ఎలా దిగుతాడు.

నాకు ఏడుపూ కోపమూ కలిసే వచ్చాయి. షీటు ఒళ్ళో పడేసి అరిచాను. "నీ చూపు పోయిందనుకున్నాం తెలుసా? ఒక్క మాట చెప్పకూడదా? మేం చచ్చి బతుకుతున్నాం ఇక్కడ!"

 అమ్మ షీటు వైపు చూసింది. ఎత్తి పట్టుకున్నాను. పెట్టె వేడెక్కుతుంది, అంది. మన అవసరం వాడికి తెలిసిపోయింది, మాట్లాడకుండా ఉండటం అలవాటు చేసుకుంటే అవసరం ఉండదు, అవసరం లేకపోతే వాడే దిగుతాడు. ఇంత పొడుగు మాట అక్షరం అక్షరంగా కూర్చేసరికి ఇద్దరికీ చెమటలు పట్టాయి. ఇంట్లో అందరం ఆమె మాట పోతుందని భయపడుతుంటే ఆమె తన మాటనే పక్కన పెట్టి బేరానికి కూర్చుంది. అలాంటి ఆలోచన మా అమ్మకి తప్ప లోకంలో ఇంకొకరికి రాదు.

చివరగా, ఫోన్ చెయ్యి, నేనే మాట్లాడతా అంది.

ఆ సాయంత్రం నాన్న ఫోనుని స్పీకర్లో పెట్టి తెర పక్కన పట్టుకున్నాడు. అన్నాళ్ళ తర్వాత ఫ్యాను తిరిగింది. అమ్మ గొంతు వినపడగానే నాన్న మొహం గోడవైపు తిప్పుకున్నాడు.

"నమస్కారం. బోర్డు ఎంత?"

ఇవాళ్టిరేటు ఆ రోజు రేటు చెప్పాడు. అమ్మ ఏమీ అనలేదు. తెర మీంచి చూపు తీసి కప్పుకేసి చూసింది.  ఫ్యాను గొంతు పెరుగుతోంది.

"హలో? అమ్మగారూ? ఉన్నారా?"

అమ్మ కప్పుకేసే చూస్తోంది.

అవతల కుర్చీ చప్పుడైంది. "నేను తగ్గిస్తానని చూస్తున్నారు. నేనూ కౌంటర్లో పుట్టి పెరిగినవాణ్ణే అమ్మగారూ, నాకు తెలుసు. కానీ ఈ రేటు నాది కాదు. నాకు సరుకిచ్చేవాడిదీ కాదు. పొద్దున ఒకటి అమ్మి, ఆ డబ్బుతో సాయంత్రం అదే కొనబోతే చాలట్లేదు. ఎవరితో బేరం ఆడమంటారు? అవతల మనిషే లేడు. తలుపులు మూసుకుని ఇంట్లో కూర్చుందామా అని నాకే భయమేస్తోంది."

ఆయన గొంతులో నాటకం లేదు. నాకు అప్పటిదాకా ఆయన మీదే కసి ఉండేది. ఆ మాటతో కసి పోయి భయం ఇంకా పెరిగింది. అమ్మేవాడు కూడా భయపడుతుంటే ఇంక ఎవరి మీద పడి ఏడవాలి?

"రేటు దిగిన రోజున నేనే ఫోన్ చేస్తానమ్మా" అన్నాడు.

అమ్మ చూపు తెర మీదికి దిగింది. కాసేపటికి పెట్టె పలికింది. "దిగిన రోజున చెయ్యవు. ఇంకా దిగిపోతుందేమోనని నీకు భయమేసిన రోజున చేస్తావు."

అవతల చిన్నగా నవ్వు వినపడింది. "అదీ నిజమే" అని పెట్టేశాడు.

అమ్మ బేరం కుదరకపోవడం మేం చూడటం అదే మొదటిసారి. నాన్న మంచం అంచున కూర్చుని, "ఇప్పుడేం చేద్దామే?" అన్నాడు, చిన్నపిల్లాడిలా.

"తెర ఆపకండి. అవతల మనిషే లేనప్పుడు మూతి బిగించుకుని ఏం లాభం?"

ఆ తర్వాత అమ్మ ఒకటే మాట్లాడటం. పోయిన రోజులన్నీ వసూలు చేసింది. నా మిషను సూది మొద్దుబారిందని చప్పుడు విని చెప్పింది. తమ్ముడికి పెళ్ళి చూపుల్లో ఏ చొక్కా వేసుకోకూడదో చెప్పింది. నాన్నకి ఆయన వినడానికి సిగ్గుపడేదేదో చెబితే ఆయన తలుపు దగ్గరికి వేశాడు. ఫ్యాను గింగిర్లు తిరుగుతూనే ఉంది. ఆమె ప్రతి మాటా నాకు సంతోషమే, ప్రతి మాట చివరా భయమే. వాక్యం పూర్తయ్యేదాకా మిషను తొక్కేదాన్ని కాదు.

ఎండలు తగ్గుముఖం పడుతుండగా వార్తల్లో మాట మారింది. ఆ దేశాలూ మావాళ్ళూ కూర్చుని మాట్లాడుకుంటున్నారట. మా డబ్బు కొద్దికొద్దిగా పైకి లేస్తోందన్నారు. నాన్న టీవీ ముందు నుంచి లేచి చెప్పులు తొడుక్కున్నాడు.

"వెళ్ళి కట్టేసొస్తా. ఉన్న ఒక్కటీ ఎవరైనా ఎగరేసుకుపోతే?"

"ఇంకా మన చేతిలోదానికి అందదు నాన్నా. నాలుగు రోజులాగితే అందుతుందేమో" అన్నాడు తమ్ముడు.

"ఆ నాలుగు రోజులు పెట్టె ఆగుతుందని రాసిస్తావా నువ్వు? బతిమాలతాను. కాళ్ళు పట్టుకుంటాను."

లోపలి నుంచి పెట్టె పలికింది. "ఆగండి. కూర్చోండి." నాన్న గుమ్మంలోకి వెళ్ళి నిలబడ్డాడు గానీ చెప్పులు విప్పలేదు. అమ్మ కళ్ళు తెర మీద చకచకా కదిలాయి.

"మీరెప్పుడూ" అంది పెట్టె.

అంతే. ఫ్యాను ఒక్కసారి కీచుమని ఆగిపోయింది. తెర మీద అక్షరాలు చారలుగా చీలిపోయి నల్లబడ్డాయి. కాలిన వాసన సన్నగా వచ్చింది.

తమ్ముడు స్విచ్చి నొక్కాడు, తీగ పీకి మళ్ళీ పెట్టాడు, మూత విప్పాడు. ఏం చేసినా ఉలకలేదు. అన్నాళ్ళూ భయపడ్డది కళ్ళ ముందే జరిగిపోయింది.

"నేనెప్పుడూ? నేనెప్పుడూ ఏమిటే?" అంటున్నాడు నాన్న. "చెప్పు. సగంలో ఆపుతావేం?"

అమ్మ ఆయన్నే చూస్తోంది. నాన్న బీరువా దగ్గరికి వెళ్ళి, చెప్పులతోనే స్టూలెక్కి, నేను మళ్ళీ అక్కడే దాచిన షీటుని దించుకొచ్చాడు. రెండు చేతులా పట్టుకుని ఆమె ఎదురుగా కూర్చున్నాడు. ఆయనకది పట్టుకోవడం అదే మొదలు. తలకిందులుగా పట్టుకున్నాడు. నేను తిప్పిచ్చాను.

"ఇ..." అన్నాడు నాన్న. "సున్నా... త. ఇంత... ఇంతే." షీటు మీంచి తల బయటికి పెట్టి ఆమెని చూశాడు. "మీరెప్పుడూ ఇంతే!" అని తన నోటితో తానే పూర్తి చేశాడు, అచ్చం ఆమె విసుగుతోనే. తర్వాత మొహం చిట్లించి ఏడ్చాడు.

ఆయన జేబులో ఫోన్ మోగింది. తమ్ముడు వంగి చూశాడు. "కొట్టాయన."

నాన్న ఒక చెయ్యి జేబు వైపు పోయింది. షీటు వంగింది. అమ్మ కళ్ళు పెద్దవయ్యాయి. నేను గబుక్కున షీటు ఆ కొస పట్టుకున్నాను. నాన్న ముక్కు ఎగబీలుస్తూ చదివాడు. "మ... ఓ... మో... గ... న. మోగన... మోగనీ?"

ఒకసారి రెప్ప.

"అమ్మా, ఎత్తకపోతే వేరేవాళ్ళకి అమ్మేస్తాడే!" అన్నాను.  "పెట్టె పోయింది. ఇప్పుడు బేరాలా?"

రెండుసార్లు రెప్ప. కాదనా, అమ్మడనా, నోరు మూసుకోమనా, తెలియదు.

ఫోన్ మోగి మోగి ఆగిపోయింది. ఫ్యాను కూడా లేని ఆ గదిలో ఎవరి ఊపిరి వాళ్ళకి వినపడుతోంది. వాడు ఇప్పుడు ఇంకో నంబరు తిప్పుతున్నాడని, ఆ ఉన్న ఒక్క బోర్డూ ఎవరి చేతిలోకో వెళ్ళిపోతోందని నాకు కళ్ళకి కట్టినట్టు కనిపించింది. నాన్న షీటు దించలేదు.

ఫోన్ మళ్ళీ మోగింది.

ముగ్గురం అమ్మ వైపు తిరిగాం. ఆమె మాలో ఎవర్నీ చూడటం లేదు, అక్షరాలనీ చూడటం లేదు. గుడ్డ అంచు నలిపి చూశాక చూసినట్టు, కప్పుకేసి చూస్తోంది.